అక్క ఒప్పుకోని వ్యాసం

పోటీ పరీక్షకు చదువుకుంటున్న రోజుల్లో, ఆదివారం పొద్దున ఒక గంటసేపు మా ఇంట్లో టీవీ మోగేది కాదు. ఆ గంటలో నేను వ్యాసం రాయాలి. కోచింగ్‌లో సార్ ఇచ్చిన అంశం తీసుకుని, గడియారం పెట్టుకుని, అసలు పరీక్షలో రాసినట్టే రాయాలి. బాపు పేపరు పట్టుకుని గుమ్మం బయటికి వెళ్లి కూర్చునేవాడు. కుక్కర్ విజిల్ వస్తే నా ధ్యాస చెదురుతుందని అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టకుండా ఆగేది. అక్క మాత్రం నా ఎదురుగానే మగ్గం ముందు కూర్చుని, జాకెట్ల మీద జరీ పని చేసుకుంటూ ఉండేది. టైమ్ చూసే పని ఆమెదే. గంట కాగానే లేచి వచ్చి నా భుజం మీద తట్టేది. ఇంకో రెండు ముక్కలు రాసుకుంటానని బతిమాలితే పెన్ను లాక్కునేది.

మా అక్కకు పుట్టినప్పటి నుంచి చెవులు వినపడవు. మాట కూడా రాలేదు.

కార్వాన్‌లో మాది రెండు గదుల ఇల్లు. బాపు కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. అక్కను చిన్నప్పుడు మా గల్లీ బడికే పంపారు. పంతులమ్మ బోర్డు వైపు తిరిగి చెప్పేది అక్కకు అందేది కాదు. అక్షరాలు వచ్చాయి, తన పేరు, మా పేర్లు, కొన్ని మాటలు రాయగలదు. తర్వాత బడి మానేసి పక్కింటి ఆమె దగ్గర మగ్గం పని నేర్చుకుంది. ఇంట్లో మాకంటూ కొన్ని సైగలుండేవి. మీసం తిప్పితే బాపు. ముక్కుపుడక చోట వేలు పెడితే అమ్మ. రెండు చేతులూ చెవుల పక్కన కిందికి జారిస్తే నేను. చిన్నప్పుడు నాకు రెండు జడలుండేవి మరి. అన్నం, నీళ్లు, బజారు, నొప్పి, నవ్వు, కోపం. ఇట్లాంటి మాటలతోనే మేము అక్కతో అన్నేళ్లు బతికాం. అవి చాలుతున్నాయని అనుకున్నాం కూడా.

నేను కొత్త ఫోన్ కొనుక్కున్నప్పుడు పాతది అక్కకు ఇచ్చాను. జాకెట్ల డిజైన్లు చూసుకుంటుందని నా ఉద్దేశం. కొన్నాళ్లు అవే చూసింది. ఒకరోజు ఆ డిజైన్ల మధ్యలో, చేతులతో వంట చెబుతున్న ఒక అమ్మాయి వీడియో వచ్చిందట. ఆ అమ్మాయికీ వినపడదు. అక్క ఆ రోజు మగ్గం ముట్టుకోలేదు. ఆ వీడియో చూసి, ఇంకోటి చూసి, ఇంకోటి చూసి, సాయంత్రానికి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఫోన్ చూపించింది. తెర మీద అమ్మాయిని చూపించి తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. మళ్లీ అమ్మాయిని, మళ్లీ తనని. నాలాంటిది, నాలాంటిది అని.

కొద్ది నెలల్లోనే అక్క సంజ్ఞా భాష నేర్చేసుకుంది. తనలాంటి ఆడపిల్లల గ్రూపులో చేరింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి పెట్టి వీడియో కాల్‌లో కూర్చునేది. వాళ్లందరిలో నిజామాబాద్‌లో కుట్టుపని చేసుకునే ఒక అమ్మాయి అక్కకు బాగా దగ్గరైంది. వాళ్లిద్దరి చేతులూ ఎంత వేగంగా తిరిగేవంటే, చూసేవాళ్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అక్క అంతసేపు మాట్లాడుతుందని, అంత నవ్విస్తుందని మాకెవ్వరికీ తెలియదు.

అమ్మ మాత్రం బెంగ పడింది.

"ఏం మాట్లాడుకుంటున్నరే గంతసేపు?" అని నన్ను అడిగింది.

"నాకేం తెలుసమ్మా. గా భాష నాకు రాదు."

"మన సైగలు మర్చిపోతదేమోనే. నిన్న అన్నం కావాల్నా అని అడిగితే, వేరే తీరు చెయ్యి తిప్పింది. నాకు సమజ్ కాలే. కన్నతల్లిని, బిడ్డ ఏమంటుందో నాకు సమజ్ కాకపోతే ఎట్లనే?"

ఆ సంగతి నేను అక్కకు చెప్పలేదు. కానీ అక్క కనిపెట్టింది. ఆ రాత్రి నుంచి అమ్మ ఎదురుగా కూర్చున్నప్పుడు పాత సైగలే చేసేది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం నాకు పడిన అంశం "సోషల్ మీడియా సమాజానికి మేలు చేస్తోందా, కీడు చేస్తోందా?" సార్ ఎప్పుడూ చెప్పేవాడు, గోడ మీద పిల్లిలా రాయొద్దు, ఏదో ఒక పక్షం తీసుకో, దిద్దేవాడికి మొదటి పేరాలోనే నీ మాట తెలిసిపోవాలి అని. నేను కీడు అని రాశాను. పుకార్లు, పాడవుతున్న చదువులు, ఒకే ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లు చూసుకోవడం. అన్నీ నోట్సులో ఉన్నవే. గంట కాకముందే అయిపోయింది. సార్ మంచి మార్కులే వేశాడు.

అక్క కాగితం తీసుకుని పైన పెద్దగా రాసిన శీర్షిక చదివింది. ఫోన్ బొమ్మ గాలిలో గీసి, మంచిదా చెడ్డదా అన్నట్టు బొటనవేలు పైకీ కిందికీ చూపించింది. నేను కిందికి చూపించాను. అక్క తన ఫోన్‌ను కొంగు కింద దాచేసుకుని, దొంగచూపు చూసి నవ్వింది.

ఆ తర్వాత కొన్ని వారాలకు బాపు ఫోన్‌లోకి ఒక మెసేజ్ వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు పట్నంలో దిగారని, ఆడవాళ్లు కూడా ఉన్నారని, పేరడిగితే చెప్పరని, మూగవాళ్లలా నటిస్తారని, అందరికీ పంపి పిల్లల్ని కాపాడమని. మా మేనమామ పంపాడు. బాపు పొద్దున చాయ్ తాగుతూ దాన్ని పైకి చదివాడు.

"ఎవల పిల్లలో పాపం. జర పైలంగా ఉండమని చెప్పాలె," అని తన ఫ్యాక్టరీ దోస్తులందరికీ పంపించాడు. అందరూ తాతలైనవాళ్లు, ఇంట్లో మనవలున్నవాళ్లు. ఆ మాట అమ్మ చెవిలోనూ నా చెవిలోనూ పడింది. మూగవాళ్లు అన్న ముక్క దగ్గర మా ఎవరికీ ఏమీ తట్టలేదు. మాకు అక్క అంటే అక్క. మూగది అనే మాట మా ఇంట్లో ఎప్పుడూ వాడలేదు.

ఆ రోజే అక్క పూర్తయిన జాకెట్లు ఇవ్వడానికి మొఘల్‌పురాలో తనకు పనిచ్చే దుకాణానికి బయలుదేరింది. ఎప్పుడూ వెళ్లే దారే, తెలిసిన సేటే. నేను కోచింగ్‌లో పరీక్ష రాస్తున్నాను. అక్కడ ఫోన్లు ఆపి ముందే ఇచ్చేయాలి. తర్వాత జరిగింది నాకు సగం అక్క చెప్పింది, సగం అక్కడి ఒక పెద్దామె చెప్పింది.

దుకాణం చేరకముందే ఒక గల్లీలో చిన్నపిల్ల ఒకతి ఏడుస్తూ నిలబడి ఉంది. చెప్పు ఊడిపోయింది. అక్క కూర్చుని చెప్పు తొడిగింది. ముక్కు తుడిచింది. మీ ఇల్లెక్కడ అని చేత్తో అడుగుతూ ఆ పిల్ల వేలు పట్టుకుంది. వెనక నుంచి ఎవరో పిలిచారు. మళ్లీ పిలిచారు. అక్క తిరగలేదు. వాళ్లకు అదే అనుమానమైంది. నలుగురు చేరారు, చూస్తుండగానే పదిమంది అయ్యారు. పేరేందన్నారు, ఎక్కడి నుంచి వచ్చినవన్నారు. అక్క చెవులు చూపించింది, నోరు చూపించింది, కాదన్నట్టు చెయ్యి ఊపింది. అప్పుడు వాళ్లలో ఒకతను, "మెసేజ్‌ల గిట్లనే ఉంది, సేమ్ గిట్లనే," అన్నాడట. అక్క నిజం చెప్పడానికి ఏ సైగ చేసినా అది ఆ మెసేజ్‌కు సాక్ష్యమైంది. సంచి లాగేశారు. జాకెట్లు కింద పడ్డాయి. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. ఒకామె అక్క జడ పట్టుకుంది.

ఎదురింటి తలుపు తెరుచుకుని ఒక పెద్దామె బయటికి వచ్చింది. ఆ పిల్లకు నానమ్మ. కిటికీలోంచి అంతా చూసింది. నేరుగా వచ్చి, జడ పట్టుకున్న చేతిని విడిపించి, ఒక చేత్తో మనవరాలిని, ఒక చేత్తో మా అక్కను లోపలికి లాక్కుపోయి గడియ పెట్టింది.

బయట లొల్లి తగ్గలేదు. తలుపు మీద కొడుతున్నారు. అక్కకు ఆ చప్పుడు వినపడదు. తలుపు కదలడం మాత్రం కనపడుతోంది. నడుములో దోపుకున్న ఫోన్ తీసి ముందు నాకు చేసింది. నా ఫోన్ ఆపి ఉంది. అప్పుడు నిజామాబాద్ దోస్తుకు వీడియో కాల్ చేసింది. అక్క ముఖం, చేతులు చూడగానే ఆ అమ్మాయికి సంగతి తెలిసిపోయింది. వంటింట్లో ఉన్న తన తల్లిని పిలుచుకొచ్చింది. ఆ తల్లికి వినపడుతుంది, మాట్లాడగలదు.

"అమ్మా, గా పిల్లకు చెవులు వినపడయి. నా బిడ్డ దోస్తు. కార్వాన్ల ఉంటరు, మంచోళ్లు. జర కాపాడున్రి," అని ఆమె పెద్దామెకు తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పిందట. అక్క తన ఫోన్‌లో బాపు నంబరు చూపించింది. పెద్దామె ఆయనకు ఫోన్ చేసింది. తర్వాత కిటికీ రెక్క తీసి, బయట ఉన్నవాళ్లను గదమాయించింది.

"ఉనే చప్పల్ పహ్నాయీ మేరే బచ్చీకూ. చోర్ హై తో చప్పల్ కైకూ పహ్నాతీ?" అని.

దొంగైతే నా మనవరాలికి చెప్పు ఎందుకు తొడుగుతుంది అన్న ఆ ఒక్క ప్రశ్నతో బయట ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు.

నేను కోచింగ్ నుంచి బయటికొచ్చి ఫోన్ తెరిచేసరికి బాపు దగ్గర్నుంచి కాల్ వచ్చింది. ఆటోలో వెళ్లాను. నేను వెళ్లేసరికి బాపు అక్కడే ఉన్నాడు. అక్క తఖ్తు బల్ల మీద కూర్చుని ఉంది. జడ ఊడిపోతే పెద్దామె దువ్వి కొత్తగా అల్లింది. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది. నన్ను చూడగానే అక్క రెండు చేతులూ చెవుల పక్కన కిందికి జార్చింది. నా పేరు. నేను పక్కన కూర్చుంటే నా ఒళ్లో తల పెట్టుకుంది.

పెద్దామె బాపుతో, "ఫికర్ చేయకు భాయ్. నీ బిడ్డ నా బిడ్డ లెక్కనే," అంది.

అప్పుడే వీడియో తీసినతను లోపలికి వచ్చాడు. నాకంటే చిన్నవాడు. పోగుచేసిన జాకెట్లు దులిపి సంచిలో పెట్టి తెచ్చాడు. బాపు కళ్ల ముందే తన ఫోన్‌లోని వీడియో తుడిచేశాడు.

"మాఫ్ చేయుండ్రి అంకుల్. మా గ్రూపుల గిది వచ్చింది, గందుకే…" అంటూ తన ఫోన్ బాపు చేతిలో పెట్టాడు. బాపు కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. అదే మెసేజ్. బాపు తిడతాడేమోనని ఆ అబ్బాయి నిలబడ్డాడు. బాపు ఫోన్ తిరిగి ఇచ్చేసి, "పో బిడ్డా," అన్నాడు.

పోలీసుల దగ్గరికి పోదామా అని నేను అక్కను అడిగాను. వద్దు, ఇంటికి, అంది.

ఆటో చార్మినార్ దాటాక బాపు నా వైపు చూడకుండా, "పొద్దుగాల నేను పంపిన గదా అది," అన్నాడు.

"నువ్వు పంపింది వీళ్లకు కాదు గదా బాపు."

"నేను పంపినోళ్లు ఇంకెవలకు పంపిన్రో. ఇంకెవల బిడ్డను పట్టుకున్నరో."

ఇంటికొచ్చాక బాపు అన్నం తినలేదు. మెసేజ్ తుడిచేసి ఊరుకోలేదు, ఇంకో మెసేజ్ కూడా పెట్టలేదు. తాను పంపిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాడు. "అన్నా, నేను పొద్దుగాల పంపింది అబద్ధం. ఇయాల నా పెద్దబిడ్డనే పట్టుకున్నరు. నువ్వెవలకన్న పంపితే వాళ్లకు చెప్పు," అని ఒకే మాట, అందరితోనూ. కొందరు ఏమైందని అడిగితే మొదటి నుంచి చెప్పాడు. అక్క తలుపు దగ్గర నిలబడి ఆయన పెదాలు చూస్తూ ఉంది. అన్ని ఫోన్లలోనూ ఒకే మాటలు కదా, కాసేపటికి ఆమెకు అర్థమైంది. వెళ్లి బాపు పక్కన కూర్చుని అన్నం కలిపి ముద్ద నోటికందించింది. బాపు తిన్నాడు. తింటూ ఏడ్చాడు.

ఆ తర్వాత చాలా రోజులు అక్క గడప దాటలేదు. సేటే మనిషిని పంపి జాకెట్లు తెప్పించుకునేవాడు. మధ్యాహ్నాలు మాత్రం బియ్యం డబ్బా ముందు దోస్తులు వచ్చేవాళ్లు. ఒక్కొక్కరూ తమకు ఎప్పుడు, ఎక్కడ అట్లా జరిగిందో చెప్పేవాళ్లు. బస్సులో, ఆస్పత్రిలో, పెళ్లిలో. అట్లాంటి కథ లేనివాళ్లు ఆ గ్రూపులో ఒక్కరూ లేరట. అక్క అవి నాకు చెప్పాలంటే మా ఇంటి సైగలు చాల్లేదు.

ఒకరోజు అమ్మ పనులన్నీ ముగించుకుని, చేతులు తుడుచుకుని వచ్చి అక్క పక్కన ఫోన్ ముందు కూర్చుంది. నిజామాబాద్ అమ్మాయి నమస్కారం పెట్టింది. అమ్మ కూడా పెట్టింది. తర్వాత అక్క వైపు తిరిగి తన రెండు చేతులూ ముందుకు చాపింది. నేర్పు అని. అక్క అమ్మ వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటే వంచడం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి బట్టలుతికి, రొట్టెలు చేసిన వేళ్లు. అంత తొందరగా వంగేవి కావు. తప్పు చేస్తే తెర మీది అమ్మాయిలందరూ నవ్వేవాళ్లు, అమ్మ కూడా నవ్వేది. నేనూ, బాపూ తర్వాత చేరాం. మాలో అమ్మకే ముందు వచ్చింది.

అసలు పరీక్ష ఆ చలికాలంలో జరిగింది. వ్యాసం పేపరు తెరిస్తే అదే అంశం, కొంచెం వేరే మాటల్లో. "సోషల్ మీడియా మనుషులను కలుపుతోందా, విడదీస్తోందా? వాదించండి." హాల్లో నా చుట్టూ పెన్నులు కదలడం మొదలైంది. నేను ముందు రాసి మార్కులు తెచ్చుకున్న వ్యాసం మొత్తం నాకు కంఠతా ఉంది. విడదీస్తోంది అని మొదటి వాక్యం రాశాను. రెండో వాక్యం రాలేదు. కొట్టేసి, కలుపుతోంది అని రాశాను. జడ పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. అదీ కొట్టేశాను. గోడ మీద పిల్లి కావద్దన్న సార్ మాట చెవిలో ఉంది. టైమ్ పోతోంది. ఇన్విజిలేటర్ రెండుసార్లు నా బెంచీ పక్కగా వెళ్లి, కొట్టివేతలు తప్ప ఏమీ లేని నా కాగితం చూసి ముందుకు పోయింది.

చివరికి నాకు నిజమనిపించింది రాయడం మొదలుపెట్టాను. మనిషి ముఖం కనపడే చోట అది కలుపుతుంది, కనపడని చోట విడదీస్తుంది అని రాశాను. వినపడని ఒక స్త్రీకి, తనలాంటి వాళ్ల ముఖాలూ చేతులూ చూపించి ఒక భాషనే ఇచ్చిందని రాశాను. ఆ స్త్రీనే, ఎవరు రాశారో తెలియని నాలుగు వాక్యాలు గల్లీ నడుమ నిలబెట్టాయని రాశాను. ఆమెను కాపాడటానికి కూడా ఒక ఫోన్ తెర మీద ఒక ముఖమే వచ్చిందని రాశాను. ఎవరి పేరూ పెట్టలేదు, నా అక్క అనలేదు. రాస్తుంటే ఒక అనుమానం వచ్చింది. ఆ గల్లీలో అందరూ ఆమె ముఖం చూశారు కదా, అంత దగ్గర నుంచి? దానికి జవాబు ఆలోచిస్తుండగానే గంట కొట్టారు. ముగింపు పేరా లేకుండానే కాగితాలు తీసేసుకున్నారు.

ఇంటికొచ్చి, ఏం రాశావని అక్క అడిగితే చెప్పడం మొదలుపెట్టాను. అప్పటికి నా చేతులకు కొంచెం భాష వచ్చింది. అయినా రానివి ఎన్నో. రాని చోట పాత సైగలు, అవీ చాలకపోతే బొమ్మలు. హాల్లో గంటలో రాసింది చెప్పడానికి మధ్యాహ్నం అంతా పట్టింది. అక్క మధ్యలో ఆపకుండా చూసింది. అంతా అయ్యాక తల అడ్డంగా ఊపింది. ఆమె చేతులు అన్నది మా ఇంటి మాటలో చెప్తున్నాను.

"తప్పు రాసినవ్."

"ఏం తప్పు?"

"నన్ను ఫోన్ కాపాడలే. గా పిల్ల నానమ్మ కాపాడింది. నేను ఫోన్ చేయకముందే తలుపు తీసింది గదా."

"కానీ నీ దోస్తు వాళ్లమ్మ చెప్పకపోతే…"

"చెప్పకపోయినా నానమ్మ బయటోళ్లకు తలుపు తియ్యకపోతుండె. నేను ఎవలో తెల్వకముందే లోపలికి గుంజింది. చెప్పు తొడుగుడు చూసింది. అందరు నా ముఖం చూసిన్రు. ఆమె నా చేతులు చూసింది."

హాల్లో నాకు దొరకని ముగింపు పేరా అదే. అక్క నా ముఖం చూసి, నేను ఓడిపోయానని సమజై, గెలిచినట్టు చేతులు రెండూ గాలిలోకి ఎత్తింది. తర్వాత ఇంకో మాట అంది. "నన్ను మస్తు ఏడుపుగొట్టు దాని లెక్క రాసినట్టున్నవ్. నేను నవ్వుతనని కూడా రాయకపోయినవా?"

ఆ పరీక్షలో నేను పాసవలేదు. వ్యాసంలో మార్కులు అటూ ఇటూ కాకుండా వచ్చాయి. సార్ నా మార్కులు చూసి, పక్షం తీసుకోకపోతే గిట్లనే అవుతదమ్మా అన్నాడు. మరుసటి ఏడాది ఇంకో పరీక్ష రాసి, ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం తెచ్చుకున్నాను. అక్కడ వ్యాసాలు రాసే పని లేదు.

అక్క మళ్లీ గడప దాటింది. మొదటిసారి అమ్మతో, తర్వాత నాతో, ఆ తర్వాత ఒక్కతే. మొన్న నిజామాబాద్ దోస్తు పెళ్లి కుదిరింది. పెళ్లి జాకెట్ మా అక్కే కుట్టింది, నెమళ్లు పెట్టి. దాన్ని తీసుకుని వారం ముందే ఒక్కతే వెళ్తానంది. బాపు తాను కూడా వస్తానన్నాడు. వద్దంది. అమ్మ ఒకరాత్రంతా ఆలోచించి, పోనీ అంది.

ముగ్గురమూ బస్టాండుకు వెళ్లి ఎక్కించాం. అద్దాలు తెరవరాని ఏసీ బస్సు. కిటికీల కింద నిలబడి జనం లోపలివాళ్లకు గట్టిగా చెబుతున్నారు. చేరినంక ఫోన్ చెయ్, అన్నం డబ్బా పైన పెట్టిన, పిల్లను పట్టుకో. లోపలివాళ్లు చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఏంది, వినపడ్తలే అంటున్నారు. అద్దానికి ఆ పక్క అక్క, ఈ పక్క అమ్మ. అమ్మ చేతులు మెల్లగా, తప్పులతో కదులుతున్నాయి. అక్క చేతులు గబగబా జవాబిస్తున్నాయి. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

"ఏమన్నదే?" అని బాపు అడిగాడు.

"పెళ్లి మిఠాయి తెస్తదట, మొఘల్‌పురా పెద్దామెకు పంపాలన్నది," అంది అమ్మ. "ఇంకోటి కూడా అన్నది. గది నీకు చెప్పను. మా ఇద్దరిది."